పేగుదా, మెదడుదా? న్యూరోపెప్టైడ్‌ల చిరునామా ఎందుకు తికమక పెడుతుంది

బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి ఈమధ్య చదివినవాళ్లకు ఒక అనుమానం వచ్చే ఉంటుంది. ఒకచోట జీఎల్‌పీ-1ని పేగు హార్మోన్ అంటారు. ఇంకోచోట అది మెదడు మీద పనిచేసి ఆకలి తగ్గిస్తుందని రాస్తారు. మరోచోట క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుందంటారు. ఇంతకీ అది ఎక్కడిది?

మూడు మాటలూ నిజమే. కాకపోతే మొదటిది అది ఎక్కడ తయారవుతుందో చెబుతోంది, మిగతా రెండూ దాని సంకేతం ఎక్కడ అందుతుందో చెబుతున్నాయి. పైగా మెదడులోనే జీఎల్‌పీ-1ని సొంతంగా తయారుచేసుకునే నాడీకణాలు కూడా ఉన్నాయి. ఈ చిక్కు జీఎల్‌పీ-1 ఒక్కదానిది కాదు. న్యూరోపెప్టైడ్‌లన్నిటికీ ఇది పుట్టుకతో వచ్చినదే. ‘ఫలానా పెప్టైడ్ ఫలానా అవయవంలో ఉంది’ అనే మాట వినడానికి సూటిగా ఉంటుంది గానీ దాని కడుపులో నాలుగైదు వేర్వేరు మాటలు దాక్కుని ఉంటాయి.

## న్యూరోపెప్టైడ్ అంటే

అమైనో ఆమ్లాలను పూసల్లా గుచ్చిన చిన్న గొలుసు పెప్టైడ్. గొలుసు బాగా పొడవైతే ప్రోటీన్ అంటాం. నాడీకణాలు తయారుచేసి, తమలో దాచుకుని, అవసరమైనప్పుడు సంకేతంగా బయటికి వదిలే పెప్టైడ్ న్యూరోపెప్టైడ్. డచ్ శాస్త్రవేత్త డేవిడ్ డి వీడ్ 1970ల మొదట్లో ఈ పేరును వాడుకలోకి తెచ్చారు. ఇప్పటికి తెలిసినవి వందకు పైనే. గొలుసు పొడవులో చాలా తేడాలుంటాయి: టీఆర్‌హెచ్‌లో 3 అమైనో ఆమ్లాలు, ఎన్‌కెఫాలిన్‌లో 5, ఆక్సిటోసిన్‌లో 9, సబ్‌స్టెన్స్ పిలో 11, న్యూరోపెప్టైడ్ వైలో 36.

గ్లుటమేట్, డోపమిన్ లాంటి చిన్న రసాయనాలు కూడా నాడీ సంకేతాలే. వాటిని నాడి కొసలోనే తయారుచేసుకోవచ్చు, వాడాక చాలావరకు తిరిగి పీల్చుకోవచ్చు. పెప్టైడ్‌కు ఆ సౌకర్యం లేదు. కణం నడిబొడ్డున, కేంద్రకం ఉండే చోట, జన్యువు ఆధారంగా ముందొక పెద్ద ప్రోటీన్ తయారవుతుంది. దాన్ని ఎంజైములు ముక్కలుగా కోస్తాయి. ఆ ముక్కలు చిన్న సంచుల్లో చేరి నాడీతంతువు పొడవునా ప్రయాణించి కొసకు చేరతాయి. కాలివేలి దాకా వెళ్లే నాడి అయితే ఆ ప్రయాణం దాదాపు మీటరు. ఒకసారి వదిలాక తిరిగి పీల్చుకోవడం ఉండదు. ఎంజైములు విరగ్గొట్టేవరకు అది చుట్టుపక్కలకు పాకుతూనే ఉంటుంది. కొత్తది కావాలంటే మళ్లీ మొదటినుంచీ తయారు కావలసిందే.

తయారయ్యే చోటు వేరు, నిల్వ ఉండే చోటు వేరు, పనిచేసే చోటు వేరు అన్నది ఇక్కడే మొదలవుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. అచ్చంగా అదే గొలుసును పేగు లోపలి పొరలో ఉండే కణం తయారుచేసి రక్తంలోకి వదిలితే దాన్ని హార్మోన్ అంటాం. నాడీకణం వదిలితే న్యూరోపెప్టైడ్ అంటాం. పేరు అణువుది కాదు, అది చేస్తున్న ఉద్యోగానిది.

## మొదటిది దొరికిందే రెండుచోట్ల

1931లో ఉల్ఫ్ వాన్ ఆయిలర్, జాన్ గాడమ్ లండన్‌లో అసిటైల్‌కోలిన్ అనే నాడీ సంకేత రసాయనం ఏ కణజాలాల్లో ఉందో వెతుకుతున్నారు. గుర్రం మెదడు, పేగుల నుంచి తీసిన సారాన్ని కుందేలు పేగు ముక్క మీద పోస్తే అది ముడుచుకుంది. అసిటైల్‌కోలిన్ పనిని అట్రోపిన్ అనే మందుతో ఆపేశాక కూడా ముడుచుకుంది. అంటే ఆ సారంలో ఇంకేదో ఉంది. వాళ్ల పరిశోధన రికార్డుల్లో దాని గుర్తు పి. అదే సబ్‌స్టెన్స్ పిగా నిలిచిపోయింది. అందులో ఏ అమైనో ఆమ్లం ఏ వరసలో ఉందో తెలియడానికి మరో 40 ఏళ్లు పట్టింది. పశువుల హైపోథాలమస్‌లో, అంటే ఆకలినీ హార్మోన్లనూ అదుపుచేసే మెదడు అడుగు భాగంలో, వేరే పదార్థం కోసం వెతుకుతూ, ఎలుకల్లో లాలాజలం ఊరించే ఒక పెప్టైడ్‌ను పట్టుకున్న సూజన్ లీమన్ బృందం 1971లో ఆ వరస తేల్చింది.

ఆ తర్వాత ఇదే కథ అటు నుంచీ ఇటు నుంచీ నడిచింది. పేగు హార్మోన్‌గా 1928 నుంచి తెలిసిన కోలిసిస్టోకైనిన్ 1970ల్లో మెదడులో కనిపించింది. ఇప్పుడు మెదడు పైపొరలో అత్యంత సమృద్ధిగా ఉండే పెప్టైడ్‌లలో అదొకటి. 1970లో పంది పేగు నుంచి వేరుచేసిన వీఐపీ అనే పెప్టైడ్ కూడా మెదడులో తేలింది. 1973లో గొర్రె హైపోథాలమస్‌లో దొరికిన సొమాటోస్టాటిన్ ఎదురుదారి పట్టింది. పెరుగుదల హార్మోన్‌ను అణిచే పదార్థంగా మెదడులో కనుగొంటే, చివరికి శరీరంలో దాని నిల్వల్లో ఎక్కువ భాగం జీర్ణవ్యవస్థలోనే ఉందని తెలిసింది.

అన్నీ ఇలా ఊరంతా పరుచుకుని ఉండవు. మనల్ని మెలకువగా ఉంచే ఒరెక్సిన్‌ను మెదడులో తయారుచేసేవి హైపోథాలమస్‌లోని కొన్ని పదుల వేల కణాలే. వాటి తంతువులు మాత్రం మెదడంతటా పాకుతాయి. ఆ కాసిని కణాలూ నశిస్తే మనిషి పట్టపగలు ఉన్నట్టుండి నిద్రలోకి జారిపోతాడు. ఆ జబ్బు పేరు నార్కోలెప్సీ.

## ‘పేగులో ఉంది’ అంటే ఏ పేగులో?

పేగు గోడను పలుచగా కోసి, ఒక పెప్టైడ్‌ను మాత్రమే పట్టుకునే యాంటీబాడీతో రంగు పట్టించి మైక్రోస్కోపు కింద పెడితే రెండు రకాల దృశ్యాలు కనబడతాయి. కోలిసిస్టోకైనిన్‌కు రంగు వేస్తే లోపలి పొరలో అక్కడొకటి, ఇక్కడొకటి కణాలు వెలుగుతాయి. సీసా ఆకారంలో ఉంటాయి. సన్నని మూతి పేగు లోపలి ఖాళీ వైపు, లావుపాటి అడుగు రక్తనాళాల వైపు. మూతితో ఆహారం రుచి చూసి అడుగు నుంచి హార్మోన్ వదిలే కణాలివి.

అదే పేగును వీఐపీకి రంగు వేస్తే ఆ సీసాలు కనిపించవు. వాటి బదులు గోడ లోతుల్లో, కండరాల పొరల మధ్య, ముడులు వేసిన దారాల్లా సన్నని తంతువులు మెరుస్తాయి. అవి నాడులు. పేగు గోడలో పది కోట్లకు పైగా నాడీకణాలున్నాయి. వీఐపీని మొదట పేగు హార్మోన్ అనే అనుకున్నారు. ఈ రంగులు వేశాకే అది పేగు నాడులదని స్పష్టమైంది. సొమాటోస్టాటిన్‌కైతే సీసాలూ దారాలూ రెండూ కనిపిస్తాయి.

పేగును రుబ్బి కొలిస్తే ఈ తేడా మొత్తం పోతుంది. గ్రాముకు ఇంత అని ఒక అంకె వస్తుంది, అంతే. కణజాలాల పట్టికలు చదివేటప్పుడు నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇదే.

## చర్మం మీద గోటి గీత

ముంజేతి లోపలివైపు గోటితో గట్టిగా ఒక గీత గీస్తే, గీసినంత మేర ముందు ఎర్రబడుతుంది. కాసేపటికి ఆ ఎరుపు గీతను దాటి అటూ ఇటూ పాకుతుంది. కొందరికి గీత పొడవునా చర్మం కాస్త ఉబ్బుతుంది. గోరు తగలని చోట కూడా ఎరుపెందుకు?

నొప్పిని మోసుకెళ్లే నాడీకణం వెన్నుపాము పక్కనే ఉన్న ముడిలో ఉంటుంది. దాని తంతువు రెండుగా చీలి ఒకటి వెన్నుపాములోకి, ఇంకొకటి చర్మంలోకి వెళుతుంది. మధ్యలో తయారైన సబ్‌స్టెన్స్ పి, సీజీఆర్‌పీ అనే పెప్టైడ్‌లు రెండు కొసలకూ చేరతాయి. చర్మం దగ్గర గీసినప్పుడు పుట్టిన సంకేతం పైకి వెళ్లడమే కాకుండా, పక్క కొమ్మల్లోకి మళ్లి ఆ కొసల దగ్గర కూడా పెప్టైడ్‌లను విడుదల చేయిస్తుంది. సీజీఆర్‌పీ రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, ఎరుపు పాకుతుంది. సబ్‌స్టెన్స్ పి నాళాల గోడలను జల్లెడ చేస్తుంది, నీరు బయటికొచ్చి ఉబ్బుతుంది. ఆ నాడి తెగి క్షీణించిన చోట గీస్తే పాకే ఎరుపు రాదు.

వెన్నుపాములో ఇవే పెప్టైడ్‌లు నొప్పి కబురును పై కణానికి అందించడంలో సాయపడతాయి. ఒకే కణం, ఒకే అణువు, రెండు కొసల్లో రెండు పనులు. అణువులో ఏ తేడా లేదు. దాన్ని అందుకునేది ఒకచోట రక్తనాళం, మరోచోట నాడి. అందుకునే అణువులనే గ్రాహకాలు, అంటే రిసెప్టర్లు అంటారు. ఒక పెప్టైడ్ ఏం చేస్తుందో తేల్చేది చాలావరకు ఆ గ్రాహకాలే.

## ఒకే జన్యువు, వేర్వేరు కత్తెరలు

ఏ కణజాలంలో ఏ జన్యువు పనిచేస్తోందో తెలిస్తే అక్కడ ఏ పెప్టైడ్ ఉందో తెలిసిపోతుందనుకోవడం సహజం. అలా జరగదు.

పీఓఎంసీ అనే పెద్ద ప్రోటీన్‌ను చూద్దాం. పీయూషగ్రంథి ముందు భాగంలో దాన్ని కోసే ఎంజైము ఒక రకం. అక్కడ 39 అమైనో ఆమ్లాల ఏసీటీహెచ్ వస్తుంది. అది రక్తంలో వెళ్లి అడ్రినల్ గ్రంథుల చేత కార్టిసాల్ అనే హార్మోన్ తయారు చేయిస్తుంది. హైపోథాలమస్‌లో రెండో ఎంజైము కూడా ఉంటుంది కాబట్టి ఏసీటీహెచ్‌ను ఇంకా చిన్నగా కోస్తుంది. దాని మొదటి 13 అమైనో ఆమ్లాల ముక్కే ఆల్ఫా-ఎంఎస్‌హెచ్. మెదడులో అది ఆకలిని అణుస్తుంది. అదే ముక్క చర్మంలో రంగునిచ్చే కణాల మీద పనిచేస్తే మెలనిన్ పెరుగుతుంది. బీటా-ఎండార్ఫిన్ అనే నొప్పిని తగ్గించే ముక్క కూడా ఈ ప్రోటీన్‌లోదే.

ఇదంతా కాగితం మీది లెక్క కాదని 1998లో తెలిసింది. పీఓఎంసీ జన్యువు రెండు ప్రతులూ చెడిపోయిన పిల్లలను వైద్యులు వర్ణించారు. వాళ్లకు చిన్న వయసు నుంచే విపరీతమైన ఆకలి, ఊబకాయం ఉన్నాయి. కార్టిసాల్ లేమి ఉంది. జుట్టు ఎర్రగా ఉంది. మెదడు, అడ్రినల్, చర్మం అనే మూడు సంబంధం లేని చోట్ల లక్షణాలు, వెనక ఒకే జన్యువు. కణజాలాల్లో పెప్టైడ్‌ల పంపకం ఎంత ముఖ్యమో ఇంతకంటే గట్టిగా చూపించే ఉదాహరణ నాకు తెలియదు.

జీఎల్‌పీ-1దీ ఇలాంటి కథే. దాని మాతృ ప్రోటీన్‌ను క్లోమంలోని ఆల్ఫా కణాలు ప్రధానంగా గ్లూకగాన్‌గా కోస్తాయి. అది రక్తంలో చక్కెరను పెంచుతుంది. పేగులోని ఎల్ కణాలు అదే ప్రోటీన్‌ను మరోచోట కోసి జీఎల్‌పీ-1 చేస్తాయి. భోజనం తర్వాత అది ఇన్సులిన్‌ను పెంచి చక్కెరను దించుతుంది. ఒకే గొలుసు నుంచి దాదాపు ఎదురెదురు పనులు చేసే రెండు ముక్కలు.

కొన్నిసార్లు కోత ప్రోటీన్ దాకా రాకముందే, జన్యువు సందేశాన్ని మోసే ఆర్ఎన్ఏ దశలోనే జరుగుతుంది. 1980ల మొదట్లో ఇది బయటపడింది. కాల్సిటోనిన్ జన్యువు థైరాయిడ్‌లో కాల్సిటోనిన్ హార్మోన్‌ను ఇస్తుంది. నాడీకణాల్లో అదే జన్యువు సందేశాన్ని వేరేగా అతికించగా వచ్చేది సీజీఆర్‌పీ, అంటే పైన గోటి గీత చుట్టూ ఎరుపు పుట్టించినది.

## కొలత ఏ ప్రశ్నకు జవాబిస్తోంది

శాస్త్రవేత్తలు వాడే పద్ధతులు నాలుగైదు ఉన్నాయి. ఒక్కొక్కటి ఒక్కో ప్రశ్నకు జవాబిస్తుంది.

ఆర్ఎన్ఏను కొలిస్తే పెప్టైడ్‌కు ఆదేశం ఎక్కడ పుడుతోందో తెలుస్తుంది. ఆక్సిటోసిన్‌నే తీసుకుంటే దాన్ని ప్రధానంగా తయారుచేసే కణాలు హైపోథాలమస్‌లో ఉన్నాయి. అవి తంతువులను కిందికి పంపి పీయూషగ్రంథి వెనక భాగంలో నిల్వ చేస్తాయి. ఆర్ఎన్ఏ పటంలో వెలిగేది హైపోథాలమస్. పెప్టైడ్ పటంలో దగదగా వెలిగేది పీయూషగ్రంథి వెనక భాగం. గ్రాహకాల పటం గీస్తే కాన్పు సమయంలో గర్భాశయం, పాలిచ్చే రొమ్ము కూడా వెలుగుతాయి. మూడు పటాలూ సరైనవే, కానీ ఒకదాన్ని మరొకదానిగా చదివితే తప్పు.

సాంద్రత, మొత్తం పరిమాణం అన్నవి కూడా కలిసిపోతుంటాయి. ఊహకు ఒక లెక్క వేద్దాం. 1 గ్రాము బరువున్న ఒక కణజాలంలో గ్రాముకు 10 యూనిట్ల పెప్టైడ్ ఉందనుకుందాం. 500 గ్రాముల మరో కణజాలంలో గ్రాముకు 2 యూనిట్లే. సాంద్రత మొదటిదానిలో ఐదు రెట్లు ఎక్కువ. మొత్తం లెక్కేస్తే మొదటిదానిలో 10 యూనిట్లు, రెండోదానిలో 1000. ‘ఎక్కువగా ఎక్కడుంది’ అన్న ప్రశ్నకు రెండు జవాబులూ సరైనవే. మీటర్ల పొడవున్న పేగును చిన్న మెదడు భాగంతో పోల్చినప్పుడల్లా ఇదే జరుగుతుంది.

ఇక యాంటీబాడీలు. అవి మొత్తం గొలుసును చదవవు, ఒక చిన్న భాగాన్ని మాత్రమే గుర్తుపడతాయి. 1975లో మెదడులో గ్యాస్ట్రిన్ అనే జీర్ణాశయ హార్మోన్‌ను పోలిన పదార్థం ఉందని తేలింది. తర్వాత చూస్తే అందులో అత్యధిక భాగం కోలిసిస్టోకైనిన్. రెండు గొలుసుల చివరి ఐదు అమైనో ఆమ్లాలూ ఒకటే, యాంటీబాడీ పట్టుకున్నది ఆ కొసనే. పొరపాటు నుంచే పెద్ద నిజం బయటపడింది.

ఇవాళ ఆక్సిటోసిన్ కొలతల మీద నడుస్తున్న వాదన కూడా ఈ కోవలోదే. రక్తం నుంచి పెప్టైడ్‌ను ముందు శుద్ధిచేసి కొలిస్తే వచ్చే అంకె చిన్నది. శుద్ధి చేయకుండా నేరుగా కిట్‌తో కొలిస్తే పదుల రెట్లు పెద్దది. ప్రోటీన్లకు అతుక్కున్న ఆక్సిటోసిన్‌ను శుద్ధి పారేస్తోందని ఒక వర్గం, శుద్ధి లేకపోతే వేరే పదార్థాలను ఆక్సిటోసిన్‌గా లెక్కిస్తున్నామని మరో వర్గం అంటున్నాయి. రెండో వాదనే నాకు బలంగా కనిపిస్తుంది. ఏదైనా, రక్తంలోని అంకెను చూసి మెదడులో ఎంత ఉందో చెప్పడం మాత్రం కుదరదు. రెండిటి మధ్యా, రక్తంలోని చాలా పదార్థాలను మెదడులోకి పోనివ్వని గోడ ఉంది.

## మెదడుకూ పేగుకూ ఈ చుట్టరికం ఎక్కడిది?

1960ల్లో బ్రిటిష్ శాస్త్రవేత్త ఎవర్సన్ పియర్స్ ఒక ఆకర్షణీయమైన జవాబిచ్చారు. పిండ దశలో నాడీవ్యవస్థకు మూలమైన కణాల్లో కొన్ని వలసవెళ్లి పేగులో, క్లోమంలో స్థిరపడ్డాయని, అందుకే ఆ హార్మోన్ కణాలు నాడుల్లా పెప్టైడ్‌లు చేస్తాయని ఆయన ప్రతిపాదన.

ఫ్రాన్స్‌లో నికోల్ లె దొయారాన్ దీన్ని పరీక్షించడానికి దారి చూపారు. కోడి పిండంలో క్వెయిల్ పక్షి కణాలను అతికించారు. క్వెయిల్ కణాల కేంద్రకం మైక్రోస్కోపులో వేరుగా కనిపిస్తుంది కాబట్టి అవి ఎక్కడికి చేరాయో వెతకవచ్చు. పేగు గోడలోని నాడులు, అడ్రినల్ లోపలి భాగం నిజంగానే నాడీ మూలం నుంచి వచ్చాయి. పేగు లోపలి పొరలోని హార్మోన్ కణాలు మాత్రం అలా రాలేదు. అవి పేగు పొరలోనే పుట్టినవి. పియర్స్ ప్రతిపాదన సగం నిలిచింది, సగం పడిపోయింది.

రెండో వివరణ పరిణామ క్రమం నుంచి వస్తుంది. హైడ్రా కొన్ని మిల్లీమీటర్ల నీటి జీవి. దానికి మెదడు లేదు, ఒళ్లంతా వలలా నాడులున్నాయి. ఆ నాడులు పెప్టైడ్‌లతోనే మాట్లాడుకుంటాయి. అంటే పెప్టైడ్ సంకేతాలు మెదడు కంటే పాతవి. మెదడూ పేగూ ఒకదాని నుంచి ఒకటి అప్పు తెచ్చుకోలేదు, రెండూ పాత మూట నుంచే తీసుకున్నాయి. ఇప్పుడు ఎక్కువమంది మొగ్గేది ఈ వైపే.

## వదిలే చోటూ అందుకునే చోటూ కలవకపోతే

1980ల్లో మెదడు పటాలు గీస్తున్నప్పుడు ఒక విడ్డూరం కనబడింది. చాలా పెప్టైడ్‌ల విషయంలో నాడి కొసలు ఒకచోట దట్టంగా ఉంటే గ్రాహకాలు మరోచోట దట్టంగా ఉన్నాయి. పెప్టైడ్‌లు మెదడు ద్రవంలో నెమ్మదిగా పాకి దూరాన ఉన్న గ్రాహకాలను చేరతాయని కొందరన్నారు. ఆనాటి పద్ధతులు తక్కువ మొత్తాలను పట్టలేకపోయాయని, నిజానికి తేడా అంత లేదని మరికొందరన్నారు. ఆక్సిటోసిన్ లాంటివి కణం ఒంటి నుంచి కూడా విడుదలై చుట్టూ వ్యాపిస్తాయని తర్వాత తెలియడంతో మొదటి వాదనకు బలం వచ్చింది. అలాగని ప్రతి పెప్టైడూ అలాగే దూరం పోతుందని చెప్పడానికి లేదు.

జీఎల్‌పీ-1 తికమక ఇక్కడే విడుతుంది. పేగు వదిలిన జీఎల్‌పీ-1లో సగం రక్తంలో రెండు నిమిషాల్లోపే విరిగిపోతుంది. అందుకే అది మెదడుదాకా పోవడం కంటే పేగు దగ్గరే ఉన్న, మెదడుకు వెళ్లే వేగస్ నాడి కొసలను తట్టి కబురు పంపుతుందని చాలామంది భావిస్తారు. రక్తం ద్వారా కూడా కొంత చేరవచ్చని మరో అభిప్రాయం. మెదడు కాండంలోని జీఎల్‌పీ-1 కణాలు పేగుతో పెద్దగా సంబంధం లేకుండా తమ పని తాము చేసుకుంటాయని ఎలుకల మీద ప్రయోగాలు సూచిస్తున్నాయి. ఇక జీఎల్‌పీ-1ని పోలిన బరువు తగ్గించే ఇంజెక్షన్ మందు సెమాగ్లుటైడ్ శరీరంలో సగం తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. రక్తానికీ మెదడుకూ మధ్య గోడ పలుచగా ఉండే కొన్ని చోట్లకు అది చేరుతుందని జంతువుల్లో చూశారు. సహజ పెప్టైడ్ నడిచే దారి, మందు నడిచే దారి ఒకటి కావు. ‘పేగు హార్మోన్ ఇంజెక్షన్’ అనే పేరు ఈ తేడాను కప్పేస్తుంది.

సబ్‌స్టెన్స్ పి గ్రాహకాన్ని అడ్డుకునే మందుల మీద 1990ల్లో పెద్ద ఆశ ఉండేది. జంతువుల్లో నొప్పి తగ్గింది. మనుషుల్లో నొప్పి మందులుగా అవి విఫలమయ్యాయి. నొప్పి కబురును గ్లుటమేట్ కూడా మోస్తుందని, ఒక్క దారి మూస్తే చాలదని ఒక వివరణ. జంతువులకూ మనుషులకూ మధ్య తేడాలని మరొకటి. కానీ ఆ గ్రాహకం మెదడు కాండంలో వాంతులను నడిపించే చోట కూడా ఉంది. ఆ కుటుంబంలోని అప్రెపిటెంట్‌కు 2003లో అమెరికాలో, కీమోథెరపీ వల్ల వచ్చే వాంతుల నివారణకు అనుమతి దొరికింది. అణువు అదే, అనుకున్న చోట కాక మరోచోట పనికొచ్చింది.

సీజీఆర్‌పీది ఇంకా ఆసక్తికరం. మైగ్రేన్ నివారణకు సీజీఆర్‌పీ గ్రాహకాన్ని కప్పేసే ఎరెనుమాబ్ 2018లో వచ్చింది. అది యాంటీబాడీ, అంటే మెదడు గోడను దాదాపు దాటలేనంత పెద్ద అణువు. అయినా చాలామందికి తలనొప్పి రోజులు తగ్గాయి. అంటే మైగ్రేన్‌లో కనీసం కొంత భాగం గోడకు బయట, ముఖం నుంచి స్పర్శను మోసే ట్రైజెమినల్ నాడి ముడిలో, మెదడును కప్పే పొరల రక్తనాళాల దగ్గర నడుస్తోందన్నమాట. మూలం మెదడు లోపలే ఉందనే వాళ్లు ఈ మందు కొందరికి అసలు పనిచేయకపోవడాన్ని చూపుతారు. తలనొప్పి రాకముందు గంటల తరబడి ఉండే ఆవలింతలు, చికాకు లాంటివి హైపోథాలమస్ వైపు వేలు చూపుతున్నాయంటారు. ఈ రెండు వాదనలూ ఒకదాన్నొకటి కొట్టేయనక్కర్లేదు. మంట లోపల పుట్టి బయట రాజుకోవచ్చు.

ఆ మందు దుష్ప్రభావాల జాబితాలో మలబద్ధకం ఉంది. తలనొప్పి మందుకూ పేగుకూ ఏమిటి సంబంధం అని రోగులు ఆశ్చర్యపోతుంటారు. పేగు గోడ లోతుల్లో ముడులు వేసిన దారాల్లా మెరిసే ఆ నాడుల్లో సీజీఆర్‌పీ కూడా ఉంటుంది, పేగు కదలికలో దానికీ పాత్ర ఉంది.